ప్రొడ్యూసర్ల జాడలో పాసింజరు ప్రయాణం

మా గుడివాడ నుంచి విశాఖపట్నానికి రాత్రి బండి ఒకటుంది. బందరులో బయల్దేరి, మా ఊళ్ళో ఎక్కించుకుని, భీమవరం మీదుగా తీరిగ్గా నడిచి తెల్లారేసరికి విశాఖలో దింపుతుంది. దిగినవాళ్ళంతా బీచికో సింహాచలానికో ఆటో మాట్లాడుకుంటుంటే నేను కంచరపాలెం అన్నాను. ఆటో అబ్బాయి నన్నూ నా సంచినీ మార్చి మార్చి చూసి, "బందువులున్నారేటి సార్?" అన్నాడు. సినిమా చూసి వచ్చానన్నాను. "ఓ, అదా! ఎక్కండి. నా ఫ్రెండుగాడి బాబాయి కూడా ఉన్నాడందులో" అని హుషారుగా కిక్కు కొట్టాడు.

ఎందుకొచ్చానో ముందే చెప్పేస్తాను. సినిమా పేర్లు పడేటప్పుడు నిర్మాత పేరు బాగా పెద్ద అక్షరాల్లో వస్తుంది. హాల్లోంచి బయటికొచ్చాక ఎవరికీ గుర్తుండనిదీ ఆ పేరే. పెద్ద బ్యానర్ల సంగతి వేరు, వాళ్ళకి స్టూడియోలున్నాయి, థియేటర్లున్నాయి, హీరోల డేట్లున్నాయి. ఇవేవీ లేకుండా, ఒక కథనీ ఒక ఊరినీ నమ్ముకుని సొంత డబ్బు పెట్టే రకం ఒకటుంది. వాళ్ళమీద నాకు చాలా కాలంగా మమకారమూ జాలీ రెండూ ఉన్నాయి. ఉత్తరాంధ్ర రైలు మార్గం పట్టుకుని వెళ్తే అలాంటివాళ్ళ జాడలు వరసగా స్టేషన్లలాగే తగులుతాయని ఒకనాడు తట్టింది. అంతే, వేసవి అని కూడా చూడకుండా టికెట్టు తీశాను. మీరు వెళ్తే మాత్రం చలికాలంలో వెళ్ళండి.

కంచరపాలెంలో చూడాల్సిందేమీ లేదు. ఆ మాట కొట్టిపారేసినట్టు అనడం లేదు. మా గుడివాడలో లాగే ఇరుకు వీధులు, అరుగులు, మేడ మీద ఆరేసిన చీరలు, పక్కనే రైలు కూత. అయితే మా వీధులు బల్లపరుపు, ఇక్కడ రోడ్డు ఉన్నట్టుండి మెట్టెక్కుతుంది. 2018 సెప్టెంబరు 7న విడుదలైన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఈ వీధులే ఉన్నాయి. సెట్టు వేయలేదు. వేషాలు వేసిన వాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముఖం చూడని స్థానికులే. దర్శకుడు వెంకటేష్ మహాకి అదే మొదటి సినిమా. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు. అక్కడి ఆసుపత్రికీ ఇక్కడి వీధికీ మధ్య తిరుగుతూ డబ్బు పెట్టడమే కాదు, కథలో వైన్ షాపులో పనిచేసే గడ్డం అనే అతను ప్రేమించిన సలీమా వేషం కూడా తనే వేశారు.

టీ బడ్డీ దగ్గర నిలబడి మాట కలిపాను. బడ్డీ ఆయన పాలు తిరగబోస్తూ, "మొదట్ల ఎవులూ నమ్మలేదు సార్. సినిమావోలంటే పెద్ద పెద్ద వేనులొస్తాయి, గొడుగులొస్తాయి కదేటి. ఈలు మామూలుగా తిరిగీవోరు, మాతో టీ తాగీవోరు. సీరియలేమో అనుకున్నాం" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు నవ్వొచ్చింది. కోట్లు పెట్టిన సినిమా చూసి సీరియల్లా ఉందంటే తిట్టు, అక్కడ మాత్రం అదే పెట్టుబడి.

ఈ రకం సినిమా లెక్క ఎలా ఉంటుందో ఇక్కడే చెప్పుకుంటే మిగిలిన ప్రయాణం అర్థమవుతుంది. మన సినిమా వ్యాపారం ఏరియాల వారీ బేరం. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. హీరో పేరు చూసి ఒక్కో ఏరియా బయ్యరు అడ్వాన్సు ఇస్తాడు, ఆ అడ్వాన్సులతోనే సగం సినిమా నడుస్తుంది. హీరో లేకపోతే అడ్వాన్సు లేదు. అడ్వాన్సు లేకపోతే ఫస్ట్ కాపీ వచ్చేదాకా ప్రతి రూపాయీ నిర్మాత జేబులోంచే పోవాలి. తీరా కాపీ చేతికొచ్చాక హాళ్ళు ఎవరిస్తారు? కంచరపాలెం అదృష్టం ఏమిటంటే, పూర్తయిన సినిమాను చూసిన రానా దగ్గుబాటి, సురేష్ ప్రొడక్షన్స్ దాన్ని భుజాన వేసుకుని విడుదల చేశారు. న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపికయింది. తమిళంలో 'కేరాఫ్ కాదల్'గా మళ్ళీ తీశారు. ప్రవీణ తర్వాత ఆర్కా మీడియా వారితో కలిసి అరకు నేపథ్యంలో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' (2020) నిర్మించారు. 2025లో 'కొత్తపల్లిలో ఒకప్పుడు'తో దర్శకురాలు కూడా అయ్యారు. అన్నిటికీ అదృష్టం ఇలా తలుపు తట్టదు. తట్టని వాటి పేర్లు మనకు తెలియవు కనకే తట్టినదాని కథ ఇంత ముచ్చటగా వినిపిస్తుంది.

మధ్యాహ్నానికల్లా పలాస వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. ఎక్స్‌ప్రెస్సులు బోలెడున్నాయి, వాటిని ఎక్కకండి. పాసింజరులో అయితే కొత్తవలస, అలమండ, కోరుకొండ అని ప్రతి ఊరూ దిగి పలకరిస్తుంది. మా డెల్టాలో కిటికీలోంచి చూస్తే ఆకాశం వరికి ఆనుకుని ఉంటుంది, మధ్యలో ఏదీ అడ్డురాదు. ఇక్కడ పొలం ఉంది, పొలం వెనక తాటిచెట్లున్నాయి, తాటిచెట్ల వెనక హఠాత్తుగా కొండ లేచి నిలబడింది. ఎర్రమట్టి. ఎదురు సీటులో ఒకావిడ మామిడి తాండ్ర పొట్లం విప్పి, పొరలు పొరలుగా చీల్చి పిల్లలకి పంచుతూ నా చేతిలోనూ ఓ ముక్క పెట్టింది. "బీమాళిది బాబూ, తిను. ఏలూరుది కాదు" అంది. నా ఉచ్చారణ పట్టే నేను ఆ వైపు మనిషినని గ్రహించి మరీ అందన్నమాట! రుచి సంగతి, మా వైపు తాండ్రకన్నా పులుపు ఓ పిసరు ఎక్కువ. మా వాళ్ళు ఒప్పుకోరు గానీ బాగుంది.

విజయనగరం స్టేషను బయట ఆటోవాడితో "గురజాడ గారి దగ్గరికి" అన్నాను. "ఏ గురజాడ సార్? యూనివర్సిటీయా, ఇల్లా?" అన్నాడు. జేఎన్‌టీయూకి గురజాడ పేరు పెట్టాక ఈ సందేహం తప్పదు. ఇల్లే అని తేల్చాం. కానీ తిన్నగా పోలేదు. మూడు లాంతర్ల దగ్గర ఏదో ఊరేగింపు అడ్డొచ్చి, సందుల్లోంచి తిప్పి తిప్పి ఓ చెరువు గట్టున నిలబెట్టి, ఇక్కణ్ణుంచి నడిస్తే దగ్గరన్నాడు. ఏ చెరువని అడిగితే అయ్యకోనేరన్నాడు. గురజాడ నాటకం 'కన్యాశుల్కం' చదివిన వాళ్ళెవరైనా నాలాగే అక్కడే ఆగిపోతారు. పుస్తకంలో పేరు కదా ఇది! పుస్తకంలో పేరుకి నీళ్ళుంటాయని, మెట్లుంటాయని, మెట్ల మీద ఇద్దరు పిల్లలు చెప్పులు పక్కన పెట్టి సెల్లులో ఆట ఆడుకుంటారని మనం ఊహించం.

అక్కణ్ణుంచి కోట వైపు దారి అడుగుతూ వెళ్ళాను. ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపించారు. చిత్రం, అందరూ కరెక్టే. 1713లో కట్టిన కోట చుట్టూ ఊరు అల్లుకుపోయింది కనక ఎటు తిరిగినా కోట గోడే తగులుతుంది. బొంకులదిబ్బ ఎక్కడని అడిగితే, పళ్ళ బండి అతను కాళ్ళకింద నేల చూపించి "ఇదే" అన్నాడు. నాటకంలో గిరీశం మొదటిసారి నోరు విప్పేది ఇక్కడే. జామపళ్ళు కొనుక్కుని, గిరీశం అయితే అప్పు పెట్టేవాడు కదా అనుకుని, ఫోన్‌పే చేశాను.

గురజాడ ఇల్లు కోటకి దూరమేమీ కాదు. మ్యూజియం చేశారు. ఆయన వాడిన సామాను, ఫొటోలు, పుస్తకాలు. చల్లగా ఉంది. చూసే మనిషి నన్ను ఒంటరిగా వదిలేసి వెళ్ళాడు. కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో, ఈ ఊళ్ళోనే, జగన్నాథ విలాసినీ సమాజం వాళ్ళు. 1897లో అచ్చయినప్పుడు ఆనంద గజపతి మహారాజుకి అంకితం. అంటే ఒక లెక్కన ఆ కథకి మొదటి ప్రొడ్యూసరు మహారాజే. ఆయనకి వడ్డీ బెంగ లేదు.

రెండో ప్రొడ్యూసరుకి ఉంది. ఆయన పేరు డి.ఎల్. నారాయణ. వేదాంతం రాఘవయ్య, సముద్రాల, సి.ఆర్. సుబ్బురామన్‌లతో కలిసి వినోదా పిక్చర్స్ పెట్టారు. 1951లో 'స్త్రీసాహసం' తీశారు. 'దేవదాసు' తీద్దామనుకుంటే, తాగి చచ్చిపోయే వాడి కథ ఎవరు చూస్తారన్న అనుమానం, అక్కినేనికి ఆ వేషం నప్పదన్న గుసగుస. పక్కన పెట్టి 1952లో 'శాంతి' తీశారు, అది దెబ్బకొట్టింది. భాగస్వాములు జారుకున్నాక నారాయణ ఒక్కడే మళ్ళీ దేవదాసు ఫైలు తెరిచాడు. సినిమా పూర్తికాకముందే సుబ్బురామన్ చనిపోయారు. 1953లో ఆ సినిమా ఏమయిందో మీకు చెప్పక్కర్లేదు. అంత పేరూ డబ్బూ వచ్చాక ఇంకెవరైనా అయితే ఇంకో ప్రేమకథ తీస్తారు. ఈయన విజయనగరం వాడుకభాష నాటకాన్ని తీసుకుని, మధురవాణిగా సావిత్రినీ గిరీశంగా ఎన్.టి. రామారావునీ పెట్టి, పి. పుల్లయ్య దర్శకత్వంలో 1955లో 'కన్యాశుల్కం' తీశాడు. నాటకప్రియులు పెదవి విరిచారు, మొదటి విడుదలలో అనుకున్నంతగా ఆడలేదు. ఆయన ఊరుకున్నాడా? మరుసటి ఏడాది 'చిరంజీవులు' అనే మరో ఏడుపు కథ తీశాడు. నాకు నచ్చిందల్లా ఆ మొండితనం.

ఆ ఇంటి వరండాలో కూర్చుని ఒక లెక్క వేసుకున్నాను. కథ ఈ ఊరిది. పాట రాసిన శ్రీశ్రీది పక్కనే విశాఖ. పాడిన పి. సుశీల పుట్టింది విజయనగరంలోనే. సంగీతం చేసిన ఘంటసాల చదువుకున్నది ఇక్కడే. అందరూ ఉన్నారు, సినిమాలో ఊరొక్కటే లేదు. అప్పటి తెలుగు సినిమాలన్నిటిలాగే అదీ మద్రాసు ఫ్లోర్ల మీద తయారయింది మరి. బొంకులదిబ్బ కావాలంటే అట్టా కర్రా తెచ్చి కట్టించుకోవడమే. కెమెరాలు, లైట్లు, లాబొరేటరీ అన్నీ అక్కడే ఉన్నప్పుడు నారాయణ మాత్రం ఏం చేస్తాడు? అదే ఊరికి అరవై మూడేళ్ళ తర్వాత యాభై అరవై కిలోమీటర్ల అవతల ఒక డాక్టరమ్మ ఉత్త వీధినే ఫ్లోరు చేసుకుంది. చిన్న నిర్మాత చేతికి కెమెరా చిన్నదై వచ్చాక జరిగిన మేలు ఇది. ఫ్లోరు అద్దె మిగిలింది. మిగిలినదాని బదులు ఊరితో మంచిగా ఉండాల్సిన పని నెత్తినపడింది, అది అద్దెకన్నా తేలికేం కాదు.

ఘంటసాల పేరెత్తాక ఆయన దగ్గరికి వెళ్ళకుండా ఎలా? మా గుడివాడ పక్క చౌటపల్లిలో పుట్టిన మనిషి. నేను వచ్చిన దారినే, వేలికున్న ఉంగరం అమ్ముకుని, సంగీతం నేర్చుకోవడానికి ఈ ఊరొచ్చాడు. వచ్చేసరికి మహారాజా సంగీత కళాశాలకి వేసవి సెలవులు. నేను వెళ్ళేసరికీ వేసవి సెలవులే! గేటు దగ్గర వాచ్‌మన్, "జూన్‌లో రండి, అడ్మిషన్లు అప్పుడే" అన్నాడు. నా వయసుకి అడ్మిషనేంటని అతనికి తట్టకపోవడం నాకు చాలా సంతోషం కలిగించింది. అప్పటి ప్రిన్సిపాలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కాబట్టి ఆ కుర్రాడికి ఎలాగో చోటు దొరికింది. నాకు దొరకలేదు. గేటు ఊచల్లోంచి చూసి తృప్తిపడ్డాను. 1919లో పెట్టిన కళాశాల, మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు.

ఘంటసాల ఈ వీధుల్లో వారాలు చేసుకుని తిన్నాడు. అదీ తప్పిపోయాక జోలె పట్టి మధూకరం ఎత్తాడు. చివరికి పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పారు. ఈ కథంతా మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. తెలియనిది ఆ తర్వాతది. మద్రాసులో గొప్ప గాయకుడయ్యాక ఆయనకీ ప్రొడ్యూసరు కావాలనిపించింది. 1953లో 'పరోపకారం', 1956లో 'సొంతవూరు', 1960లో 'భక్త రఘునాథ్' తీశాడు. మూడింటిలో ఏదీ కలిసిరాలేదు. పక్కవాళ్ళ సినిమాలకి పాడి తెచ్చుకున్న డబ్బు సొంత సినిమాలకి పోసుకున్నాడు. ఆ పేర్లు మళ్ళీ ఒకసారి చూడండి. మధూకరం తిని పెరిగినవాడు తీసిన మొదటి సినిమా పేరు 'పరోపకారం'. ఏ బయ్యరైనా ఆ టైటిల్ మార్చమనే ఉంటాడని నా గట్టి నమ్మకం.

సాయంత్రం ఒక పాత సినిమాహాలు ముందు టిఫిను బండి దగ్గర మాజీ ఆపరేటరు ఒకాయన పరిచయమయ్యాడు. హాలు మూసేశారు, అందులో ఇప్పుడు ఫంక్షన్లవుతాయి. ఆయన మాత్రం రోజూ ఆ వేళకి అక్కడికొచ్చి కూర్చుంటాడట. రెండు హాళ్ళకి ఒకే ప్రింటు వచ్చే రోజుల గురించి చెప్పాడు. ఇక్కడ రెండు రీళ్ళు ఆడగానే డబ్బా సైకిలు మీద కట్టుకుని కుర్రాడు అవతలి హాలుకి పరుగు, అక్కడ అప్పటికి పేర్లు మొదలై ఉండేవి. "ఒకసారి ఆ గుంటడు దారిలో ఎవలితోనో తగువాడీసి నిలబడిపోనాడు. అవతల హాల్లో జనం కుర్చీలిరగ్గొట్టీసినారు. డబ్బులెవలిచ్చినారంటారు? ప్రొడ్యూసరు లెక్కలోంచి కోసినారు" అన్నాడు. అడ్వర్టైజుమెంటు, పోస్టర్లు, రవాణా, ఇరిగిన కుర్చీ అన్నీ పోగా మిగిలిందే షేరు. "చిన్న సినిమాలోడొస్తే మేం గుర్తుపట్టీసీవాళ్ళం. హాలు ముందల నిలబడి జనాన్ని లెక్కెట్టుకుంటాడు. పెద్ద సినిమాలోడు మేనేజర్ని పంపుతాడు." ఆ బండి మీద పెసరట్టు కరకరలాడుతూ ఉంది. అల్లం పచ్చడిలో మా వైపులా బెల్లం వేయలేదు. మూడోది అడగడానికి మొహమాటపడ్డాను, మీరు పడకండి.

మర్నాడు శ్రీకాకుళం. ఇక్కడ ఒక హెచ్చరిక. రైలు 'శ్రీకాకుళం రోడ్' అనే బోర్డు ముందు ఆగుతుంది. దిగితే మీరున్నది ఆమదాలవలసలో. రోడ్ అన్న మాటకి రైల్వేవారి అర్థం, ఇక్కణ్ణుంచి రోడ్డు పట్టుకోమని. శ్రీకాకుళం ఇంకా పదిమైళ్ళకి అటూఇటూ దూరం. మాకు గుడివాడ స్టేషను గుడివాడలోనే ఉండడం అలవాటు కనక నేను సంచి పట్టుకుని ఊరెక్కడని దిక్కులు చూశాను. షేరాటోలో ఇరుక్కుని నాగావళి ఒడ్డునున్న ఆ ఊరికి వెళ్ళాను. ఎండాకాలం కదా, నదిలో ఇసకే ఎక్కువ. అరసవల్లి సూర్యదేవుడికి దండం పెట్టుకున్నాను, ఆ ఎండలో ఆయన్ని కాదనేదెవరు?

శ్రీకాకుళంలో సినిమా జాడలు వెతుకుదామనుకున్నది పక్కకుపోయి తిండి జాడలు దొరికాయి. బస్టాండు బయట బండి మీద చోడి అంబలి. మా వైపు రాగి జావ అంటే జబ్బుమనిషికి కాసిచ్చేది, మొహం చిట్లించుకుని తాగేది. ఇక్కడ కుండలోంచి గ్లాసులో పోసి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి, పక్కన ఊరమిరపకాయ పెట్టిస్తారు. చల్లగా, కొంచెం పులిసి ఉంది. తాగేసరికి ఎండ సగమయింది. అమ్మే ఆవిణ్ణి "ఎంతమ్మా?" అంటే, "తాగినంత తాగు బాబూ, డబ్బులెక్కడికెల్తాయి" అంది. ఈ జిల్లా మనుషుల మీద సినిమాల్లో వేసే జోకులన్నీ గుర్తొచ్చి చిన్నతనంగా అనిపించింది. చాలాకాలం మన సినిమాకి శ్రీకాకుళం యాస అంటే పనిమనిషికో వాచ్‌మన్‌కో పెట్టే నవ్వులాట. హీరో నోట ఆ మాట పలికించాలంటే బయ్యరు ఒప్పుకోడు.

ఒప్పుకోకపోయినా పలికించిన సినిమా పేరులోనే ఉన్న ఊరికి మళ్ళీ పాసింజరెక్కాను. తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి దాటాక పలాస. బండి ఇక్కడికి చేరేసరికి పెట్టెలో ఒడియా మాటలు సగానికి సగం. స్టేషను దాటి కాశీబుగ్గ వైపు నడుస్తుంటే ఒక వాసన పట్టుకుంది. ఏదో కాలుతున్నట్టు, ఏదో వేగుతున్నట్టు, గొంతులో కాస్త గరగర. జీడిపిక్కల వాసన.

'పలాస 1978' సినిమాకి కరుణ కుమార్ దర్శకుడు, ధ్యాన్ అట్లూరి నిర్మాత. హీరో రక్షిత్. రఘు కుంచె పాటలూ చేశారు, విలన్ వేషమూ వేశారు. ఆడిపాడే కులంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు షావుకార్ల చేతుల్లో ఎలా కత్తులయ్యారో చెప్పే కథ. కులం పేరు చెప్పడానికి వెనకాడలేదు, యాస మార్చలేదు. తమ్మారెడ్డి భరద్వాజ సమర్పించారు. అంతా కూడబెట్టుకుని 2020 మార్చి 6న విడుదల చేశారు. రెండు వారాలు తిరక్కుండానే కరోనా వచ్చి రాష్ట్రంలో హాళ్ళన్నీ మూతపడ్డాయి. చిన్న సినిమాకి మొదటివారం నోటిమాట పుడుతుంది, రెండోవారం అది పక్క ఊరికి పాకుతుంది, మూడోవారం డబ్బులొస్తాయి. ఆ మూడోవారమే లేకుండా పోయింది. తర్వాత ఓటీటీలో జనం చూశారు, మెచ్చుకున్నారు. నేనూ అలా చూసినవాణ్ణే, అంటే ఆ నిర్మాతకి హాలు టికెట్టు డబ్బులు బాకీ ఉన్న లక్షలమందిలో ఒకణ్ణి.

జీడిపప్పు చేసే షెడ్డు ఒకదానిలోకి నన్ను రానిచ్చారు. ఈ ముక్క మాత్రం మీరు తప్పకుండా చూడాలి. ఉడకబెట్టి ఆరబెట్టిన పిక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ఆడమనిషి. కాలితో తొక్కే మీట ఒకటి, చేత్తో తిప్పే పిడి ఒకటి. పిక్కని రెండు కత్తి అంచుల మధ్య నిలబెట్టి, కాలు తొక్కి, పిడి విదిలించగానే డొల్ల రెండుగా విచ్చుకుంటుంది, పప్పు చెక్కుచెదరదు. నేను రెప్పవేసే లోపల ఇదంతా అయిపోయి ఇంకో పిక్క వచ్చి కూర్చుంటోంది. డొల్లలోని జీడి తగిలితే చర్మం బొబ్బలెక్కి నల్లబడుతుంది కనక చేతులకి బూడిదో నూనో రాసుకుంటారు. నా ముందున్న బల్ల దగ్గరావిడ వేళ్ళ చివరలు బొగ్గులా ఉన్నాయి, ఆ వేళ్ళ మధ్యనుంచి వచ్చే పప్పు మాత్రం మల్లెమొగ్గ రంగు. తర్వాత బోర్మాలో వేడిమీద ఆరబెట్టి, పైపొర ఒలిచి, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేస్తారు. మా ఇంట్లో పాయసంలోకి గుండుపప్పే వేయాలని మా అమ్మ పట్టుబట్టేది. ఆ పట్టుదల ఖరీదు ఎవరి చేతులమీద పడుతుందో ఇన్నేళ్ళకి చూశాను.

షెడ్డు యజమాని, యాభై దాటినాయన, కుర్చీ వేసి పచ్చి జీడిపప్పు వేయించి పెట్టాడు. వ్యాపారం ఎలా అని అడిగితే వేళ్ళు మడిచి చెప్పాడు. ఎండాకాలం పిక్కలొచ్చే రోజుల్లో అప్పు తెచ్చి సరుకు కొనాలి. చాలనిది ఆఫ్రికా నుంచి తెప్పించుకోవాలి. సంవత్సరమంతా కొట్టించాలి, కూలి వారంవారం ఇవ్వాలి. పండగలకి పప్పు అమ్ముడయ్యేదాకా వడ్డీ నిద్రపోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో తోటలు పడగొట్టినప్పుడు పిక్కా లేదు, చెట్టూ లేదు, వడ్డీ మాత్రం ఉంది. వింటుంటే ఇది అచ్చం చిన్న నిర్మాత కథలా ఉందని నేనన్నాను. ఆయనకి నచ్చలేదు.

"అదీ ఇదీ ఒకటెలగవుతాది సార్? పిక్క కోస్తే లోపల పప్పుంటాది. చిన్నదో పెద్దదో ఉంటాది. సినిమా కోస్తే ఏటుంటాది?"

నేను పాపం డి.ఎల్. నారాయణ గురించి, ఘంటసాల మూడు సినిమాల గురించి, కంచరపాలెం డాక్టరమ్మ గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. ఆయన వింటూనే ఉన్నాడు. పప్పు గిన్నె నా వైపు ఇంకోసారి జరిపాడు. లోపలికెళ్ళి ఫోను మాట్లాడొచ్చాడు, లోడు బయల్దేరిందో లేదో కనుక్కున్నాడు. మళ్ళీ కూర్చుని, కూలివాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఇంతకీ ఎంతవుతాదంటారు? మన ఊళ్ళోనే, మన గుంటలతోనే తీస్తే?"

బత్తా, కెమెరా అద్దె, ఎడిటింగు, డబ్బింగు, సెన్సారు అని నాకు వచ్చినంతలో వేళ్ళు మడవడం మొదలుపెట్టాను. ఆయన కేలిక్యులేటరు తీశాడు. తిరుగు బండికి ఇంకా గంటన్నర ఉంది.